గోదావరి ఒడ్డున ఇద్దరు మిత్రులు రోజంతా గాలం వేయడం: సమగ్ర మార్గదర్శి

ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన, పాయలుగా చీలకముందు ప్రవహించే గోదావరిని అఖండ గోదావరి అంటారు. పోలవరం నుంచి రాజమహేంద్రవరం దాకా ఇరుగట్ల మీది రేవులలోనూ లంకల అంచులలోనూ గాలం వేసేవారు కనిపిస్తూనే ఉంటారు. ఈ మార్గదర్శి ఆ తీరాన్ని దృష్టిలో పెట్టుకొని, గాలానికి కొత్తవారైన ఇద్దరు మిత్రులు ముందురోజు నుంచి ఎలా సిద్ధం కావాలో, తెల్లవారుజాము మొదలు సాయంత్రం వరకు ఏం చేయాలో వివరిస్తుంది. కృష్ణా తీరంలో ఉన్నవారికి కూడా పద్ధతి చాలావరకు ఇదే.

ఇద్దరు కలిసి వెళ్లినప్పుడు ఇద్దరూ ఒకే ఎరను, ఒకే లోతులో, పక్కపక్కనే వేసుకొని కూర్చోవడం మామూలుగా జరుగుతుంది. అలా చేస్తే రెండో మనిషి వచ్చిన ప్రయోజనం పోతుంది. చేప ఆ రోజు ఏ లోతున తిరుగుతున్నదో, దేనికి నోరు తెరుస్తుందో గట్టు మీద నుంచి చూసి చెప్పలేము. కాబట్టి ఒకరు నేలను ఆనించి వెతుకుతుంటే రెండోవారు నడినీటిలో వెతకాలి. ఒకరికి చేప పడిన తర్వాత రెండోవారు తన లోతును, ఎరను దానికి తగ్గట్టు మార్చుకోవాలి. కింద చెప్పే ప్రతి అంచెలోనూ ఈ సూత్రమే ఆధారం.

ఏ కాలంలో వెళ్లాలి

తొలకరితో వచ్చే కొత్త నీటికి గోదావరి ఎర్రబడుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి పెద్ద చేపలు గుడ్లు పెట్టేది ఆ వరద నెలల్లోనే. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న ఆచారం వల్ల జూన్ 8 ప్రాంతంలో ఉత్సాహం ఎక్కువగా ఉంటుంది గానీ, ఆ రోజుల్లో కడుపు నిండా గుడ్లున్న తల్లిచేపను పట్టడం మరుసటి ఏడాది పంటను ముందే కోసుకోవడం అవుతుంది. ఎర్రనీటిలో ఎర చేపకు సరిగా కనిపించదు, వడి వల్ల గాలం ఒకచోట నిలవదు. పులస కూడా వరద కాలంలోనే సముద్రం నుంచి ఎదురీదుతూ వస్తుంది. అయితే అది నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకొని తినే చేప కనుక వలకు చిక్కుతుందే తప్ప దానికోసం గాలం పట్టుకు కూర్చోవడంలో అర్థం లేదు.

దసరా దాటి నీరు తేటపడ్డాక, కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మంచి కాలం. పుష్యమాసపు చలిలో చేప మందకొడిగా ఉంటుంది. అప్పుడు మరీ తెల్లవారుజామున వెళ్లి వణకడం కంటే ఎండ పొడ తగిలాక మొదలుపెట్టడం మేలు. వేసవిలో దీనికి వ్యతిరేకంగా, సూర్యోదయం చుట్టూ రెండు గంటలు, సూర్యాస్తమయం ముందు రెండు గంటలు తప్ప మిగతా సమయం వృథా.

అనుమతి, హద్దులు

బయలుదేరే ముందు స్థానిక మత్స్యశాఖ కార్యాలయంలో రెండు సంగతులు కనుక్కోవాలి: మీరు వెళ్లబోయే రేవులో గాలం వేయడానికి లైసెన్సు కావాలా, ప్రస్తుతం వేట నిషేధ కాలం ఏదైనా అమలులో ఉందా అని. ఊరి చెరువులను మత్స్యకార సహకార సంఘాలు లీజుకు తీసుకొని చేపపిల్లలను వదిలి పెంచుకుంటాయి కాబట్టి, వాటిలో అడగకుండా గాలం వేయడం పరుల పొలంలో పంట కోయడంతో సమానం. పోలవరం దాటి పైకి వెళితే పాపికొండల జాతీయ ఉద్యానవనం మొదలవుతుంది. అక్కడ అటవీశాఖ నిబంధనలు వర్తిస్తాయి. మందుగుండు పేల్చి గానీ, నీటిలో విషం కలిపి గానీ చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం కాలం నుంచీ నేరమే. తాబేలు గాలానికి చిక్కితే దారం వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలేయాలి. మన నదీ తాబేళ్లకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

రేవులో పడవ సర్దుకుంటున్న పల్లెకారులను పలకరించడం మరువకూడదు. “బాబాయ్, ఇక్కడ మీ వలలేమన్నా ఉన్నాయాండీ?” అని అడిగితే, వల ఎక్కడ ఉందో, ఏ పక్క లోతు ఉందో, నిన్న నీరు ఎంత పెరిగిందో అన్నీ చెబుతారు. వల బెండ్లు తేలుతున్న చోటికి గాలం విసరరాదు. మీ గాలం తగిలి వల చిరిగితే పోయేది వారి ఆ పూట జీవనం.

సామగ్రి

వెదురు గడతోనే మొదలుపెట్టవచ్చు. 10 నుంచి 12 అడుగుల గడకు అంతే పొడవున్న నైలాన్ దారం కట్టి, బెండు (నీటిపై తేలుతూ చేప కొరికిందని చూపేది), సీసం (దారాన్ని ముంచే బరువు), గాలం అమర్చితే ఒడ్డుకు దగ్గరగా తిరిగే పరిగె, తిలాపియా, చిన్న శీలావతి పడతాయి. దూరం విసరాలంటే 7 లేదా 8 అడుగుల రాడ్, దానికి తగిన మధ్యరకం రీల్, 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం కావాలి. ఇద్దరిలో ఒకరు వెదురు గడ, ఒకరు రీల్ ఉన్న రాడ్ తెచ్చుకుంటే ఒడ్డు నీరు, లోపలి నీరు రెండూ ఒకేసారి వెతకవచ్చు. కొత్తవారికి నేను సూచించే అమరిక ఇదే.

గాలాల నంబర్లు కొత్తవారిని తికమక పెడతాయి. 10వ నంబరు కంటే 6వది పెద్దది. 1 దాటాక 1/0, 2/0 అంటూ ఇంకా పెద్దవి వస్తాయి. పరిగెకు 10 లేదా 12, శీలావతి, ఎర్రమోసులకు 4 నుంచి 6, కొర్రమీను, వాలుగలకు 2/0 ఆపైన సరిపోతాయి. వాలుగకు నోటినిండా పదునైన పళ్లుంటాయి కనుక గాలానికి పైన ఒక మూర మేర మందమైన దారం వేయాలి.

చేప తెంచుకుపోయిందని బాధపడేవారిలో చాలామందికి తెగింది దారం కాదు, ముడి. అందుచేత ఇంట్లోనే, వెలుతురులో ముడి నేర్చుకోవాలి. గాలం కన్నులోంచి దారం దూర్చి, ఒక జానెడు కొస వదిలి, ఆ కొసను అసలు దారం చుట్టూ 5 లేక 6 మెలికలు తిప్పాలి. గాలం కన్ను పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి ఆ కొసను తెచ్చి, అలా తెచ్చినప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మరోసారి దూర్చాలి. ఇప్పుడు ముడిని నీటితో గానీ ఉమ్మితో గానీ తడిపి, అసలు దారాన్ని మెల్లగా లాగితే మెలికలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కూర్చుంటాయి. పొడిగా లాగితే రాపిడికి నైలాన్ వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. మెలికలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే కోసేసి మళ్లీ వేయాలి; ఆ ముడి పెద్ద చేపను ఆపదు.

వీటితోపాటు పిడి ఉన్న చిన్న వల, మొన సన్నగా ఉన్న పటకారు, కత్తెర, టార్చి, ప్రథమ చికిత్స సామగ్రి, తాగునీరు, టోపీ, ఇద్దరికీ ఒక్కొక్క లైఫ్ జాకెట్, 15 మీటర్ల గట్టి తాడు తప్పనిసరి. వేడినీళ్ల ఫ్లాస్కు ఎందుకో ముళ్ల చేపల దగ్గర చెబుతాను.

ఎర, మేత

ఎర గాలానికి గుచ్చేది. మేత చేపలను ఆ చోటికి రప్పించడానికి నీటిలో వేసేది. ముందురోజు రాత్రి రెండు పాళ్ల తవుడు, ఒక పాలు దంచిన వేరుశనగ చెక్క కలిపి ఉంచుకోవాలి. ఒడ్డుకు చేరాక ఒక పాలు ఒండ్రుమట్టి చేర్చి తడిపి, నారింజకాయంత ముద్దలు చేయాలి. మట్టి లేకపోతే ముద్ద నీటిపైనే విడిపోయి వడికి కొట్టుకుపోతుంది. మొదట మూడు నాలుగు ముద్దలు ఒకేచోట వేసి, ఆ తర్వాత గంటకొకటి చాలు. ఎక్కువ వేస్తే చేప కడుపు నిండి ఎర వైపు చూడదు.

గాలానికి పెట్టే పిండికి గోధుమ పిండి లేదా మైదా, వేయించిన శనగపిండి, కొద్దిగా బెల్లం చాలు. చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా కలపాలి. శనగగింజంత తీసి గాలానికి అద్ది, ఒక గ్లాసు నీటిలో అయిదు నిమిషాలు ముంచి చూడండి. కరిగిపోతే ఇంకాస్త మైదా వేయాలి. గాలం మొన పిండిలో పల్చగా మునిగి ఉండాలి, లోతుగా పాతుకుపోకూడదు.

ఇద్దరిలో ఒకరు పిండిని, ఒకరు వానపాములను సిద్ధం చేసుకోవాలి. అరటి పాదుల్లో, తడి పెరట్లో తవ్విన వానపాములను అదే మట్టితో చిల్లుల డబ్బాలో వేసి, తడి గోనె కప్పి నీడన ఉంచాలి. జెల్ల, బొమ్మిడాయి, మార్పు వీటికి ఆశపడతాయి; పరిగెలు కూడా ఇష్టంగా తింటాయి.

చోటు, ప్రాణభద్రత

నది వంపు తిరిగిన చోట బయటి గట్టు కింద లోతు, లోపలి గట్టున ఇసుక తిన్నె ఉంటాయి. బయటి వంపులో వడినీరు, నిలకడనీరు కలిసే గీత పైనుంచే కనిపిస్తుంది. చేప నిలకడవైపు ఉండి వడిలో కొట్టుకొచ్చే ఆహారం కోసం కాచుకుంటుంది. ఏటిగట్టు రక్షణకు పేర్చిన రాళ్ల దిగువన, వాగు వచ్చి కలిసే చోట, లంకల మధ్య పాయలు సన్నబడే చోట కూడా ఇదే అమరిక ఉంటుంది. వంతెనల మీద నుంచి, ఆనకట్ట గేట్ల దగ్గర నుంచి గాలం వేయవద్దు. ధవళేశ్వరం బ్యారేజికి 175 గేట్లున్నాయి. ఏది ఎప్పుడు ఎత్తుతారో ఒడ్డున ఉన్నవారికి తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇసుక గుంటల గురించి. ర్యాంపుల దగ్గర ఇసుక తవ్విన గోతులు నీటి కింద దాగి ఉంటాయి. మోకాలి లోతు నీటిలో నడుస్తున్న మనిషి తర్వాతి అడుగుకే నిలువు లోతులో పడతాడు. గుంట అంచున ఇసుక జారుతుంది కాబట్టి ఈత వచ్చినవారు కూడా పైకి ఎక్కలేకపోతారు. గాలం చిక్కుకుందని, చెప్పు కొట్టుకుపోయిందని నీటిలోకి దిగవద్దు. దారం తెంచుకోండి, గాలం ఖరీదు కొద్ది రూపాయలే. ఒకవేళ మిత్రుడు నీటిలో పడితే వెంట దూకరాదు. తాడు విసరాలి, లేదా గడ అందించాలి. ఆ తాడు సంచి అడుగున ఉంటే లాభం లేదు, ఇద్దరికీ అందేచోట చుట్ట పెట్టి ఉంచాలి.

నీరు పెరుగుతున్నదా అన్నది కూడా చూస్తూ ఉండాలి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారు. భద్రాచలంలో ఈ మట్టాలు 43, 48, 53 అడుగులు. భద్రాచలంలో 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదైన నది ఇది. వరద లేని నెలల్లోనూ సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటితో, పోలవరం స్పిల్‌వే గేట్ల నిర్వహణతో మట్టం మారుతుంది. చేరగానే నీటి అంచున ఒక పుల్ల పాతి, అరగంటకొకసారి చూడండి. పుల్ల మొదలు మునిగి నీరు పైకి పాకుతూ ఉంటే లంక మీద ఉన్నవారు ఆలోచించకుండా గట్టుకు చేరుకోవాలి.

మొదటి గంట

కూర్చునే చోట్ల మధ్య 15 నుంచి 20 అడుగుల ఎడం ఉంచాలి. రాడ్ విసిరేవారు ప్రతిసారీ వెనక్కు చూసి, మిత్రుడిని హెచ్చరించి మరీ విసరాలి. వెనుకకు ఊగిన గాలం చెంపకో కంటికో తగిలే ప్రమాదం నిజమైనది.

ముందుగా లోతు కొలవాలి. గాలానికి కాస్త బరువైన సీసం తగిలించి వదిలితే, బెండు మునిగిపోతే లోతు ఎక్కువ అని, అడ్డంగా పడుకుంటే తక్కువ అని అర్థం. బెండును పైకి కిందికి జరుపుతూ, దాని కొన మాత్రమే నీటిపైన నిలిచేలా సరిచేస్తే ఆ చోటి లోతు దొరుకుతుంది. ఇప్పుడు ఒకరు ఎరను నేల మీద ఆనిస్తారు, రెండోవారు లోతులో సగం దగ్గర నిలుపుతారు.

ఈ పంపకానికి కారణం చేపల నోళ్లలోనే ఉంది. బొచ్చె నోరు పైకి తిరిగి, కింది దవడ ముందుకు పొడుచుకొని ఉంటుంది; అది పైనీటిలో తింటుంది. శీలావతి నడినీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి వంగి ఉంటుంది. అది అడుగున ఒండ్రును తడుముకుంటూ తిరుగుతుంది. మొదట పడిన చేప ఏదైనా దాని నోటిని ఒకసారి చూడండి. రెండో గాలం ఏ లోతుకు మార్చాలో అది చెప్పేస్తుంది. ముప్పావు గంటలో ఎవరికీ ఏమీ తగలకపోతే ఇద్దరూ తమ లోతులను ఒకరిది ఒకరు మార్చుకోవాలి, అప్పటికీ కదలిక లేకపోతే చోటు మార్చాలి. లోతు, ఎర, చోటు మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల చేప పడిందో తెలియదు.

బెండు కదలిక

బెండు సన్నగా వణుకుతూ, టకటక కొట్టుకుంటూ ఉంటే పరిగెలు ఎర అంచులు కొరుకుతున్నాయని అర్థం. అప్పుడు లాగితే ఖాళీ గాలమే వస్తుంది. ఎర్రమోసు నేల మీది ఎరను తీసుకొని తల ఎత్తినప్పుడు సీసం బరువు తగ్గి, బెండు మునగడానికి బదులు పైకి లేచి పక్కకు ఒరుగుతుంది. కొత్తవారు దీన్ని గాలి అనుకొని వదిలేస్తారు. శీలావతి రెండు మూడు సార్లు బెండును కొంచెం ముంచి వదిలి, తర్వాత ఏటవాలుగా లాక్కుపోతుంది. లాగవలసినది ఆ చివరి కదలికకే. జెల్ల అయితే తడబాటు లేకుండా ఒక్క ఊపున ముంచేస్తుంది. గడను మణికట్టుతో చురుకుగా ఎత్తితే చాలు, భుజం బలమంతా వాడితే చేప పెదవి చిరిగిపోతుంది.

చేప పడ్డాక

రెండోవారు వెంటనే తన గాలాన్ని బయటకు తీసేయాలి, లేకపోతే రెండు దారాలు పెనవేసుకుంటాయి. రీల్ బిగువును దారం ఓర్చే బలంలో మూడో వంతుకు మించకుండా ముందే సరిచూసుకోవాలి. పెద్ద చేప పరుగెత్తినప్పుడు దారం వదులుతూ, ఆగినప్పుడు చుట్టుకుంటూ, రాడ్ కొనను ఎప్పుడూ పైకెత్తి ఉంచాలి. అలసిన చేప పక్కకు తిరిగి తెల్లటి పొట్ట చూపిస్తుంది. మిత్రుడు వలను ముందే నీటిలో ముంచి కదలకుండా పట్టుకోవాలి, రాడ్ ఉన్నవారు చేపను వల మీదికి నడిపించాలి, అప్పుడు మిత్రుడు వల ఎత్తాలి. వలతో చేపను వెంబడిస్తే అది బెదిరి చివరి ఊపులో తెంచుకుపోతుంది.

జెల్ల, మార్పు, ఇంగిలాయి చేపలను వట్టి చేత్తో పట్టవద్దు. వాటి రొమ్ము రెక్కల ముందు గట్టి ముళ్లుంటాయి, జెల్లకు వీపు మీద కూడా ఉంటుంది. ఇంగిలాయి ముల్లు విషం వల్ల నొప్పి గంటల తరబడి ఉంటుంది. తడి గుడ్డతో తల వెనుక, ముళ్లకు వెనుకగా అదిమి పటకారుతో గాలం తీయాలి. గుచ్చుకుంటే గాయాన్ని కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో అరగంట నుంచి గంటన్నర వరకు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఫ్లాస్కు ఇందుకే. వాపు పాకినా, ఊపిరి ఇబ్బంది అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మనిషి వేలిలో గాలం మొన వెనుక ఉండే ఎదురుముల్లు దాకా దిగితే ఒడ్డున లాగే ప్రయత్నం చేయకుండా దారం కోసి డాక్టరు దగ్గరకు వెళ్లడం, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అడగడం క్షేమం.

ఒళ్లంతా గట్టి కవచంతో నల్లగా ఉండే దెయ్యం చేప పడితే తిరిగి నదిలో వదలకూడదు. అక్వేరియంల నుంచి బయటపడి మన నీటిలో పెరిగిపోయిన దక్షిణ అమెరికా జాతి అది. ఒడ్డుకు దూరంగా పాతిపెట్టాలి.

మధ్యాహ్నం, కొర్రమీను

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నడినదిలో కదలిక తగ్గుతుంది. ఆ సమయంలో చెట్టునీడన భోజనం ముగించి, లంకల పక్కన నీరు నిలిచిన నాచు మడుగులను చూడవచ్చు. కొర్రమీను గాలి పీల్చే చేప కనుక కొంతసేపటికొకసారి పైకి వచ్చి ‘గుబుక్’మని ఒక గుక్క తీసుకొని దిగుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకొని, కప్ప ఆకారపు రబ్బరు ఎరను నాచు మీదుగా ఆగి ఆగి లాగాలి. ఒకరు విసురుతుంటే రెండోవారు కొంచెం ఎత్తులో నిలబడి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చెప్పడం ఇక్కడ బాగా పనిచేస్తుంది.

నీటిపైన ఎర్రటి చిన్న కొర్రమీను పిల్లలు గుంపుగా కదులుతూ కనిపిస్తే మాత్రం ఆ మడుగు వదిలేయండి. కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ కోపంలో ఏ ఎరనైనా కొరుకుతాయి కాబట్టి పట్టడం చాలా తేలిక. కానీ ఆ జంటను తీసేస్తే పరిగెలు, ఇతర చేపలు పిల్లలన్నిటినీ తినేస్తాయి. తెలంగాణ ఈ కొర్రమీనునే (కొర్రమట్టను) రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. దాన్ని ఈ దశలో కాపాడడం గాలం పట్టిన ప్రతివారి బాధ్యత.

సాయంత్రం, ఇంటికి

రెండు కుటుంబాలకు ఒక పూట కూరకు సరిపడా ఉంచుకొని మిగతావి వదలాలి. వదిలే చేపను తడిచేతులతో పట్టుకొని, తల వడికి ఎదురుగా ఉంచి, అది తనంతట తాను చేయి విడిపించుకునేదాకా నీటిలో నిలపాలి. ఉంచుకున్నవాటిని ఒడ్డునే మొప్పలు, పేగులు తీసి కడిగి, ఐసు పెట్టెలో గానీ తడి గోనెలో గానీ నీడన ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టిన చేప గంటలోనే మెత్తబడుతుంది.

చీకటి పడకముందే సామగ్రి సర్దుకోవాలి. తెగిన నైలాన్ ముక్కలన్నీ ఏరి వెంట తెచ్చుకోండి. కొంగలు, నీటికాకుల కాళ్లకు చుట్టుకొని ప్రాణం తీసేవి అవే. ఇంటికి చేరాక గాలాలను మంచినీటితో కడిగి తుడిచి ఆరబెట్టాలి, దారం మొదటి రెండు గజాలను వేళ్ల మధ్య జార్చి చూసి గరుకు తగిలితే కోసేయాలి. తర్వాత ఇద్దరూ ఒకే పుస్తకంలో నీటి రంగు, పుల్ల దగ్గర మట్టం పెరిగిందా తగ్గిందా, ఏ చేప ఏ లోతులో ఏ ఎరకు ఎన్ని గంటలకు పడిందో రాసుకోవాలి. మరోసారి అదే కాలంలో వెళ్లేటప్పుడు ఎవరు అడుగున, ఎవరు నడినీటిలో మొదలుపెట్టాలో ఆ రాతలను బట్టి నిర్ణయించుకోవచ్చు.